బోరు పడేదాకా దాహముతో ఉండాలా?



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో ఒకటి మమ్మును రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మన అనంతపురం ప్రాంతములోని ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాశారు. ఆమె పేరు గాని, ఊరి పేరు గాని ఇక్కడ చెప్పము. ఆమె భర్తకు గొంతు క్యాన్సర్ అని నాలుగు నెలల క్రిందట తేలింది. బెంగుళూరులో చికిత్స జరుగుతున్నది. రేడియేషన్ మొదలైంది, మందులు ఎక్కిస్తున్నారు. పోయిన నెలలో అక్కడి డాక్టరు ఒక చీటీ వ్రాసి, ఇదే ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగమున్నది, అక్కడ కూడా చూపించుకోండి, నొప్పికి మార్ఫిన్ ఇస్తారు అని చెప్పి పంపించారు. వీరు ఆ చీటీ తీసుకున్నారు గాని ఆ గదికి పోలేదు. నేరుగా బస్సెక్కి ఇంటికి వచ్చేశారు.

ఎందుకంటే వెంట వచ్చిన బావగారు, "ఆ గదికి పంపించినారంటే డాక్టర్లు ఆశ వదులుకున్నట్టే" అన్నాడట. ఊరికి వచ్చిన తరువాత ఒక విశ్వాసి, మార్ఫిన్ అంటే మత్తుమందు, దేవుని బిడ్డలు దానిని ముట్టకూడదు అని చెప్పాడట. ఆ సహోదరి ఉత్తరము చివర ఇలా వ్రాశారు: "అయ్యగారూ, ఆయన రాత్రిళ్ళు పండుకోలేడు. గోడకు ఆనుకొని కూర్చుంటాడు. ఎంగిలి మింగాలన్నా కండ్లలో నీళ్ళు వస్తాయి. ఆ చీటీ నా పెట్టెలోనే ఉంది. ఆ గదికి పోతే మేము దేవుని మీద ఆశ వదులుకున్నట్టా?"

సహోదరీ, మా జవాబు మొదటనే చెబుతున్నాము. వెళ్ళండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగవద్దని మీకు వేరుగా కూడా ఉత్తరము వ్రాశాము. అయితే ఇదే ప్రశ్న ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నది. పైకి అడగలేనివారు చాలామంది ఉన్నారు. గనుక ఎందుకు వెళ్ళాలో వివరముగా వ్రాస్తున్నాము. దానికి ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మేము చేసిన తప్పు

పదిహేను సంవత్సరముల క్రిందటి మాట. మేము ఈ మెట్ట ప్రాంతములో పరిచర్య ప్రారంభించిన తొలి దినములు. మా సంఘములో కూలి పని చేసుకొనే ఒక తల్లి ఉండేది. శెనక్కాయలు పీకే కాలములో నలుగురి పని ఒక్కతే చేసేది. ఆమెకు గర్భసంచి ముఖద్వారములో క్యాన్సర్ వచ్చింది. తెలిసేటప్పటికే ముదిరిపోయింది. ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు చికిత్స చేసి, ఇంక మేము చేసేది ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అని పంపించారు. చేతిలో నాలుగు మామూలు నొప్పి మాత్రలు పెట్టారు. అవి రెండు రోజులు కూడా పనిచేయలేదు.

మేము వారములో మూడు సార్లు ఆ ఇంటికి వెళ్ళేవారము. పాట పాడి, వాక్యము చదివి, ప్రార్థన చేసేవారము. సంఘమంతా ఉపవాసముండింది. ఒక సాయంకాలము ఆ తల్లి మమ్మును దగ్గరకు పిలిచి, "అయ్యగారూ, నేను ఒప్పుకోని పాపమేదో మిగిలిపోయింది. అందుకే ఈ నొప్పి పోకుండా ఉండాది" అన్నది. తరువాత చాలాసేపు ఆలోచించి, ముప్పై ఏండ్ల క్రిందట ఆసామి కళ్ళములో నుండి రెండు సేర్ల శెనక్కాయలు కొంగులో పోసుకొని వచ్చిన సంగతి చెప్పింది. బిడ్డలు ఆకలితో ఉన్నారట ఆ రోజు. మేము ఏమి చేశామో తెలుసా? ఆమెతో కూడ మోకరించి ఆ పాపము క్షమించుమని ప్రార్థన చేశాము. సిలువను ఓర్పుతో మోయాలని బోధించి వచ్చాము.

నొప్పి తగ్గలేదు. మరుసటి వారము ఆమె ఇంకొక పాపమును వెదకుకొన్నది. ఆ మరుసటి వారము ఇంకొకటి. చివరకు వెదకడానికి ఏమీ దొరకక, దేవుడు నన్ను విడిచిపెట్టినాడు అని నమ్మి కన్ను మూసింది.

ఆమెకు కావలసినది మందు. మేము ఇచ్చినది నేరారోపణ. వేదాంత డిప్లొమా చదివిన రోజులలో సమాధి కార్యక్రమము ఎలా జరిపించాలో నేర్చుకున్నాము గాని, సమాధికి ముందు ఉండే ఆరు నెలలలో ఏమి చేయాలో మేము నేర్చుకోలేదు. అటువంటి నొప్పిని తగ్గించే మందు అప్పటికే ఈ లోకములో ఉన్నదని, అది ఖరీదైనది కూడా కాదని, మనదేశములో పండే మొక్కనుండే వస్తుందని మాకు తరువాత తెలిసింది. తెలిసిన దినమున మేము చాలా సిగ్గుపడ్డాము.

ఆ పేరుకు అర్థము

పాలియేటివ్ అనే మాట లాటిన్ భాషలోని పాలియమ్ అనే పదమునుండి వచ్చింది. పాలియమ్ అంటే పైన కప్పుకొనే వస్త్రము. మన కురుబ గొర్రెల కాపరి భుజము మీద కంబళి ఉంటుంది గదా, అటువంటిది. ఎండకు, వానకు, చలికి అదే. కంబళి వానను ఆపలేదు. కాని వానలో ఉన్న మనిషిని కాపాడుతుంది.

ఈ సేవకు నేటి రూపము ఇచ్చినవారు డాక్టర్ సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లాండు దేశపు క్రైస్తవ స్త్రీ. ఆమె మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త. మరణమునకు దగ్గరైన క్యాన్సర్ రోగుల బాధ చూచి, వారి నొప్పిని గురించి మాట్లాడాలంటే తాను డాక్టరు కావాలని మళ్ళీ చదువుకున్నారు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. రోగి పడే నొప్పి శరీరానిది మాత్రమే కాదని ఆమె బోధించారు. మనస్సులోని భయము, కుటుంబమును గురించిన దిగులు, ఆత్మలోని ప్రశ్నలు, ఇవన్నీ కలిసిన మొత్తము వేదన అది. మన ప్రాంతపు మాటలలో చెప్పాలంటే, తీరని పంట అప్పు కూడా నొప్పే. పెండ్లి కాని కూతురు కూడా నొప్పే. రెండు సేర్ల శెనక్కాయలు కూడా నొప్పే. శరీరపు నొప్పి తగ్గితే తప్ప మిగిలిన వాటిని గురించి మనిషి మాట్లాడలేడు.

కెనడాలోని మాంట్రియల్ నగరములో డాక్టర్ బాల్ఫర్ మౌంట్ 1975లో ఇటువంటి విభాగమును తెరిచారు. హాస్పిస్ అనే మాట అక్కడి ఫ్రెంచి ప్రజలకు దిక్కులేనివారిని ఉంచే చోటు అన్నట్లు వినిపించేది. అందుకని ఆయన పాలియేటివ్ కేర్ అనే పేరు పెట్టారు. పేరుకు భయపడడము మన ఊరిలోనే పుట్టలేదని చెప్పడానికి ఇది వ్రాశాము.

బోరు, కడవ

ఆ గదికి పోతే చికిత్స మానుకున్నట్టే అనే అపోహకు వద్దాము.

మన ప్రాంతములో వాన ఎంత తక్కువో చెప్పనక్కరలేదు. సంవత్సరమంతా కలిపి దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు రాదు. బోరు వేయిస్తాము. ఐదారు వందల అడుగులు పోయినా దుమ్మే లేస్తుంది. భార్య మెడలోనిది కుదువ పెట్టి ఇంకొక పాయింటు చూపిస్తాము. తప్పని చెప్పడము లేదు, రైతు ఆశ అటువంటిది. కాని ఒక సంగతి ఆలోచించండి. పొలములో బోరు బండి తిరుగుచున్న ఆ మూడు రోజులు ఇంట్లోవారు మంచినీళ్ళు త్రాగకుండా ఉంటారా? బోరు పడిన తరువాతనే త్రాగండి అని ఎవరైనా పిల్లలకు చెబుతారా? ఇంటి ఇల్లాలు కడవ తీసుకొని ఎంత దూరమైనా పోయి నీళ్ళు తెస్తుంది. కడవ తెచ్చినందుకు బోరు మీద ఆశ వదులుకున్నట్టు కాదు. బోరు పడినా కడవ కావాలి, పడకపోయినా కడవ కావాలి.

ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ బోరు వంటివి. పాలియేటివ్ కేర్ కడవ వంటిది. రెండూ ఒకే దినమున మొదలు కావాలి. బోరు పడలేదని తేలిన తరువాత కడవ వెదకడము ఆలస్యమే.

ఇది మా ఉపమానము మాత్రమే కాదు. అమెరికాలోని బోస్టన్ నగరములో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు ఒక పరిశోధన చేసి 2010లో ప్రకటించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు క్యాన్సర్ చికిత్స. రెండవ గుంపుకు అదే చికిత్సతో పాటు మొదటినుండి పాలియేటివ్ కేర్. రెండవ గుంపువారి మనోవ్యాకులము తక్కువగా ఉన్నది, దినములు మెరుగుగా గడిచాయి. చివరి దినములలో ప్రయోజనము లేని కఠిన చికిత్సలు వారికి తక్కువ జరిగాయి. అయినను వారు ఎక్కువ కాలము జీవించారు. మొదటి గుంపులో మధ్యస్థ ఆయుష్షు 8.9 నెలలు, రెండవ గుంపులో 11.6 నెలలు. ఆ గదికి పోతే త్వరగా చనిపోతారు అనేవారికి ఇది జవాబు.

సహోదరీ, మీ భర్త విషయములో ఇంకొక కారణమున్నది. గొంతుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు నోరు, గొంతు పూసిపోయి పుండ్లు పడతాయి. మింగలేరు, తినలేరు, బరువు తగ్గిపోతారు. ఆ బాధ ఓర్వలేక చాలామంది మధ్యలో మానుకొని ఇంటికి వచ్చేస్తారు. తల, మెడ భాగముల క్యాన్సరుకు రేడియేషన్ మధ్యలో ఆగితే దాని ఫలితము తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. నొప్పి తగ్గితే ఆయన నాలుగు గుటకలు గంజి మింగగలడు, చికిత్స పూర్తి చేయగలడు. గనుక ఆ మాత్ర చికిత్సను మానుకోవడానికి కాదు, చికిత్సలో నిలబడడానికి. ఎముకలకు ప్రాకిన క్యాన్సరులో నొప్పి తగ్గించడానికే రేడియేషన్ ఇస్తారని కూడా తెలుసుకోండి. ఆ రెండు గదులు ఒకదానికొకటి శత్రువులు కావు.

మార్ఫిన్ సంగతి

మనము మసాలాలో వేసుకొనే గసగసాలు ఏ మొక్కవో ఆ మొక్క పచ్చి కాయ పాలనుండే నల్లమందు వస్తుంది. దానినుండి మార్ఫిన్ తీస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ లైసెన్సుతో దీనిని పండిస్తారు. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ కర్మాగారములున్నాయి. విదేశములకు కూడా మన నల్లమందు ఎగుమతి అయింది. కాని మన రోగికి మాత్రము అది దొరకలేదు. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టము దొంగ వ్యాపారమును అరికట్టడానికి చేసినదే. కాని ఒక ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఎన్నో లైసెన్సులు ఒకేసారి చేతిలో ఉండవలసి వచ్చింది. ఆ బాధ పడలేక ఆసుపత్రులు దానిని ఉంచుకోవడమే మానుకున్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకొని రోగులకు ఇవ్వవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్ వంటి మామూలు మందులు. రెండవ మెట్టు కొంచెము బలమైనవి. అవి చాలనప్పుడు మూడవ మెట్టు మార్ఫిన్. సాధ్యమైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి. గడియారము చూచి వేళకు ఇవ్వాలి. మామూలు మార్ఫిన్ మాత్ర పని సుమారు నాలుగు గంటలుంటుంది. నొప్పి వచ్చిన తరువాత ఇద్దామని ఆగితే, అది ఇల్లు అంటుకున్న తరువాత నీళ్ళు వెదకినట్లే.

వ్యసనము అవుతుందా అని అడుగుతారు. డాక్టరు చూపులో, నొప్పికి తగిన మోతాదులో, క్యాన్సర్ రోగికి ఇచ్చినప్పుడు ఆ భయము చాలా తక్కువ. త్రాగుబోతు లోకమును మరచిపోవడానికి త్రాగుతాడు. రోగి లోకములో ఉండడానికి, బిడ్డలతో మాట్లాడడానికి, ఒక ముద్ద తినడానికి మాత్ర వేసుకుంటాడు. అయితే మీ ఇష్టము వచ్చినట్లు మోతాదు పెంచవద్దు, ఒక్కసారిగా ఆపవద్దు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండవచ్చు, వాంతి వచ్చినట్లు ఉండవచ్చు, అవి తగ్గుతాయి. మలబద్ధకము మాత్రము తగ్గదు. గనుక విరేచనము సాఫీగా అయ్యే మందు తోడుగా అడిగి తీసుకోండి. చాలామంది ఈ ఒక్క కారణముతో మంచి మందును మానుకుంటారు. అన్ని నొప్పులూ దీనితోనే పోవు. నరములు నొక్కుకొని వచ్చే మంట నొప్పికి వేరే మందులు కలుపుతారు.

విశ్వాసము అడ్డమా?

ప్రభువు సిలువ దగ్గర బోళము కలిపిన ద్రాక్షారసము పుచ్చుకొనలేదు గదా అని కొందరు పెద్దలు మాతో వాదించారు. నిజమే, మార్కు సువార్త 15వ అధ్యాయములో ఆ సంగతి ఉన్నది. ఆయన తన కొరకు నిరాకరించాడు. కాని తన దగ్గరకు వచ్చిన ఒక్క రోగికైనా, నీవు కూడా ఓర్చుకో అని చెప్పి పంపించాడా? సువార్తలన్నీ వెదకి చూడండి. కుష్ఠరోగిని ముట్టాడు, జ్వరముతో ఉన్న అత్తను చెయ్యి పట్టి లేపాడు.

లూకా 10వ అధ్యాయములోని సమరయుని చూడండి. ఆయన మొదట గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టాడు. ఆ తరువాతనే తన వాహనము మీద ఎక్కించి సత్రమునకు తీసుకుపోయాడు. మరునాడు పూటకూళ్ళవానికి డబ్బు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ఉపశమనము, ప్రయాణము, వైద్యము, ఖర్చు, మళ్ళీ వచ్చి చూచుట, అన్నీ ఒకే మనిషి చేతిలో కలిసి ఉన్నాయి. వీటిని విడదీసినది మనమే.

యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు మాట్లాడకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. అంతవరకు వారు మంచి కాపరులే. నోరు తెరిచి, నీ పాపమేమిటో వెదకుకో అన్నప్పుడే తప్పిపోయారు. మేము ఆ తల్లి దగ్గర చేసినది అదే.

స్వస్థత కొరకు ప్రార్థన చేయవద్దని మేము చెప్పడము లేదు. చేయండి. మాత్ర ఇచ్చి, నీళ్ళు త్రాగించి, తరువాత చేయండి. నొప్పి తగ్గిన మనిషి ఆమేన్ అని తన నోటితో చెప్పగలడు.

మన దేశములో జరిగిన పని

ఇది మన దగ్గర కుదరదు అనేవారి కొరకు కొన్ని సంగతులు. 1993లో కేరళలోని కాలికట్ వైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ చిన్నగా ఈ పని ప్రారంభించారు. తరువాత ఊరివారే వాలంటీర్లుగా శిక్షణ పొంది ఇంటింటికి వెళ్ళే పద్ధతి అక్కడ పెరిగింది. 2008లో కేరళ ప్రభుత్వము పాలియేటివ్ కేర్ కొరకు ప్రత్యేక విధానము ప్రకటించింది.

హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మన తెలుగువారి ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ డాక్టర్ గాయత్రి పాలట్, వారి సహచరులు క్యాన్సర్ చికిత్స జరిగే ఆసుపత్రిలోనే నొప్పి, ఉపశమన విభాగమును పెంచారు. చిన్నపిల్లలకు కూడా ఈ సేవ అందించారు. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మనదేశమును గురించి వ్రాసిన నివేదికలో, ప్రభుత్వ సహాయము పొందే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రములలో సగానికి పైగా ఈ సేవే లేదని చెప్పింది. అటువంటి కాలములో ఒక తెలుగు ప్రభుత్వ ఆసుపత్రి దీనిని చేసి చూపించింది. ఆ అనుభవముతో తెలంగాణ రాష్ట్రము జిల్లాలలో పాలియేటివ్ కేంద్రములను, ఇండ్లకు వెళ్ళే ఆలన వాహనములను ఏర్పాటు చేసింది.

మన ప్రాంతమువారు ఎక్కువగా పోయే బెంగుళూరులో కరుణాశ్రయ అనే హాస్పిస్ ఉన్నది. 1994లో ట్రస్టుగా ఏర్పడి, 1999లో సొంత భవనములో రోగులను చేర్చుకోవడము ప్రారంభించింది. ముదిరిన క్యాన్సర్ రోగులకు అక్కడ సేవ ఉచితము.

ఇక మన అనంతపురం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మనది ఒకటి. తరువాత పేరు మారుతూ వచ్చినా, ఆ కార్డు ఎన్నో కుటుంబముల పొలము అమ్ముడుపోకుండా కాపాడింది. ఆపరేషనుకు, రేడియేషనుకు పేదవాడు ధైర్యముగా పోగలుగుతున్నాడు. అయితే రాత్రి రెండు గంటలకు వచ్చే నొప్పి కార్డు చూచి ఆగదు. ఆ నొప్పికి మందు రెండు వందల కిలోమీటర్ల అవతల కాక, మన జిల్లాలోనే, మన ప్రభుత్వ ఆసుపత్రి మందుల కిటికీలోనే అందాలి. 2012లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమము ఉద్దేశము కూడా అదే. అడిగేవారు ఉంటేనే అధికారులు కదులుతారు. త్రాగునీటి కొరకు ఖాళీ బిందెలతో కలెక్టరు ఆఫీసు ముందు కూర్చొన్నవారము, దీని కొరకు ఒక వినతిపత్రము వ్రాయలేమా?

ఇంట్లో చేయవలసినవి

1. ఆసుపత్రిలో మొదటి దినమే, ఇక్కడ నొప్పి తగ్గించే విభాగమున్నదా అని అడగండి. అడగడము అవమానము కాదు.

2. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. నొప్పి ఎక్కడ, ఎన్ని గంటలకు, పదికి ఎంత, మాత్ర వేసిన తరువాత ఎంత తగ్గింది అని వ్రాయండి. చదువురానివారు గీతలు గీసినా చాలు. డాక్టరుకు మీ కన్నీళ్ళకంటె ఆ పుస్తకము ఎక్కువ చెబుతుంది.

3. మింగలేని స్థితి వస్తే మాత్ర మానవద్దు. వేరే రూపములో ఉన్నదా అని అడగండి. మందు కొరకు ప్రతిసారి రోగిని ప్రయాణము చేయించాలా, ఫైలు తీసుకొని ఇంటివారు వస్తే చాలునా అని కూడా అడిగి తెలుసుకోండి.

4. పుండునుండి వాసన వస్తే సిగ్గుపడి తలుపు మూసుకోవద్దు. మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండుమీద చల్లే పద్ధతి ఉన్నది. చవకైనది. డాక్టరును అడిగి చేయండి. వాసన తగ్గితే మనుమలు మళ్ళీ మంచము దగ్గరకు వస్తారు.

5. పడకలో ఉన్నవారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పండి. నోరు తరచుగా శుభ్రము చేయండి. తినలేనప్పుడు బలవంతముగా కుక్కవద్దు.

6. మార్ఫిన్ మాత్రలు పెట్టెలో తాళము వేసి ఉంచండి. లెక్క వ్రాయండి. మిగిలినవి ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి.

7. రోగి అడిగితే అబద్ధము చెప్పవద్దు. అన్నీ ఒక్కసారి చెప్పనక్కరలేదు. ఆయన ఎంత తెలుసుకోగోరుతున్నాడో మొదట వినండి. చాలామంది రోగులకు ముందే తెలుసు. ఇంటివారు ఏడుస్తారని దాస్తారు, ఇంటివారు రోగి ఏడుస్తాడని దాస్తారు.

రెండవ మంచము ప్రక్కన

ఆ తల్లి పోయిన కొన్ని సంవత్సరములకు మా సంఘపెద్ద ఒకరికి నోటి క్యాన్సర్ వచ్చింది. ఈసారి మేము తెలుసుకొని ఉన్నాము గనుక మొదటి ప్రయాణములోనే ఆ గదికి కూడా తీసుకుపోయాము. క్యాన్సర్ డాక్టరు గది, నొప్పి డాక్టరు గది ఒకే వరండాలో ఉన్నాయి. నాలుగు దినముల తరువాత వాళ్ళ ఇంటికి వెళితే ఆయన భార్య గడప దగ్గరే, "మూడు నెల్ల తర్వాత మొన్న రాత్రి పండుకున్యాడయ్యా" అని చెప్పింది. ఆమె ముఖములో ఆ రోజు కనబడినది మేము ఏ ఉజ్జీవ కూటములోను చూడలేదు.

నొప్పి తగ్గిన తరువాత ఆయన మమ్మును ఆశ్చర్యపరచాడు. ప్రార్థన తరువాత చేద్దురు గాని అయ్యగారూ, మొదట నా తమ్ముని పిలిపించండి అన్నాడు. పంట అప్పుకు తమ్ముడు జామీను ఉన్నాడట. ఆ మాటమీద ఇద్దరికీ ఆరేండ్లుగా పలుకుబడి లేదు. మేము ఇద్దరినీ కూర్చోబెట్టి, తరువాత బ్యాంకుకు కూడా తోడు వెళ్ళాము. అప్పు అంతా తీరలేదు. అన్నదమ్ముల మధ్య మాట మాత్రము కలిసింది. చికిత్స పూర్తి చేసుకొని ఒక క్రిస్మసు మాతో ఆరాధనలో కూర్చున్నాడు. ఆ తరువాత వ్యాధి తిరగబెట్టింది. చివరి వారములలో కూడా నొప్పి అదుపులోనే ఉన్నది. తన పాపములను వెదకుకొంటూ కాదు, మనుమరాలి చెయ్యి పట్టుకొని ఆయన వెళ్ళిపోయాడు.

మరణము రెండు ఇండ్లకూ వచ్చింది. అది రాకుండా మేము ఆపలేకపోయాము. కాని రెండవ ఇంటిలో నొప్పి యజమాని కాలేదు. ఆ తేడా తెలిసిన తరువాత ఊరకుండుట మాకు పాపమవుతుంది.

సంఘములారా, ప్రతి సంఘములో ఇద్దరిని ఈ పని నేర్చుకోవడానికి పంపించండి. రోగి ఇంటిలో ఒక రాత్రి మేలుకొని కూర్చుంటే ఆ ఇల్లాలు ఒక రాత్రి నిద్రపోతుంది. కానుక పెట్టెలోనుండి బెంగుళూరుకు ఒక బస్సు టికెట్టు ఇవ్వండి. ఉపవాస కూటమునకు పిలిచే ముందు, మాత్రలు ఉన్నాయా అని అడగండి.

ఉత్తరము వ్రాసిన సహోదరీ, ఆ చీటీ పెట్టెలోనుండి బయటికి తీయండి. తదుపరి రేడియేషన్ తేదీ వరకు కూడా ఆగనక్కరలేదు. మీ బావగారికి ఈ పత్రిక చదివి వినిపించండి. ఆయన కూడా ప్రేమతోనే అన్నాడు, భయముతో అన్నాడు. వెంట మనిషి కావాలంటే మాకు ఒక కార్డు ముక్క వ్రాయండి, మేము వస్తాము. పదిహేను సంవత్సరముల క్రిందట ఆ తల్లి కొరకు ఎక్కవలసిన బస్సు అది.

సమస్త ఆదరణకు కర్తయైన దేవుడు మీ గృహమునకు ఈ రాత్రి నిద్రను, రేపటికి బలమును దయచేయును గాక. ఆమేన్.